మడతమ్మ ఓడెక్కిన రోజు

పంతొమ్మిదేళ్ళలో ఆమె పంతొమ్మిది సార్లు ఉద్యోగంలో కొత్తగా చేరింది. చేరింది మాత్రం ఒక్క చోటే. రేవు పక్కన అదే లాండ్రీ రేకుల షెడ్డు, అదే ఇస్త్రీ బల్ల, అదే కాంట్రాక్టరు. పదకొండు నెలలు పని చేయించుకుని, పన్నెండో నెల ఇంట్లో కూర్చోమని పంపేసి, ఆ తర్వాత పిలిచి కొత్త ఫారం ముందు పెట్టేవాడు. ఆ ఫారంలో "అనుభవం" అని ఒక గడి ఉండేది. గుమాస్తా ఆ గడిలో ముందుగానే "లేదు" అని రాసి ఉంచేవాడు. ఆమె కింద సంతకం పెట్టేది. ఏడాది నిండితే మనిషికి నోరొస్తుంది. సెలవడుగుతుంది, జబ్బు చేస్తే సాయమడుగుతుంది, తీసేస్తే ఎందుకు తీశారని అడుగుతుంది. అందుకని ఆమెకి ఏడాది నిండనిచ్చేవాళ్ళు కాదు. కొత్తొక వింత, పాతొక రోత అంటారు. పాత మనిషినే ఏటా కొత్త మనిషిగా చూపించడం ఆ షెడ్డులో కనిపెట్టిన వింత.

ఆమె ఊరుకున్నది తెలియక కాదు. ఒక ఏడు పక్క బల్ల మీద ఇస్త్రీ చేసే ఆమె ఆ "లేదు" కొట్టేసి, తన చేత్తో "ఏడేళ్ళు" అని రాసింది. మర్నాడు ఆ బల్ల దగ్గర వేరే మనిషి నిలబడి ఉంది. ఆ తర్వాత ఎవరూ పెన్ను వాడలేదు, సంతకానికి తప్ప.

రేవులో అందరూ ఆమెని మడతమ్మ అంటారు. చేతికి ఏది దొరికినా మడిచేస్తుంది. బస్సు టిక్కెట్టు, పాత పేపరు, తడి తువ్వాలు, ఏదైనా సరే. "మా కోడలి ఎదురుగా ఎక్కువసేపు కదలకుండా కూర్చోకండి, మడిచి బీరువాలో పెట్టేస్తుంది" అని అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది.

షెడ్డుకి వచ్చే బట్టలన్నీ ఒక చిన్న ఓడవి. ఒడ్డు వెంబడే తిరిగే విహార ఓడ అది. నలభై గదులు. శుక్రవారం పొద్దున బయల్దేరి, నాలుగు రేవులు చుట్టి, మంగళవారం సాయంత్రానికి తిరిగొస్తుంది. మర్నాడు దుప్పట్లు, దిండు గలీబులు, తువ్వాళ్ళు తోపుడు బండ్ల మీద షెడ్డుకొస్తాయి. ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి, మడిచి, గురువారం వెనక్కి తోసుకెళ్ళాలి. ఎక్కడిదాకా? ఓడ ఎక్కే మెట్ల ముందు నేల మీద గీసిన పసుపు గీతదాకా. ఆ గీత ఇవతల షెడ్డు వాళ్ళు, అవతల ఓడ వాళ్ళు. గీత దాటితే కాపలా మనిషి ఈల వేస్తాడు. పంతొమ్మిదేళ్ళు ఆమె ఆ ఓడ దుప్పట్లన్నీ చేత్తో తడిమింది. ఓడని మాత్రం తాకలేదు. లోపల ఎలా ఉంటుందని కూతురు చిన్నప్పుడు అడిగితే, తెల్లగా ఉంటుందని చెప్పి ఊరుకుంది.

ఆ ఓడలో దుప్పట్లు, తువ్వాళ్ళు దాచే బట్టల కొట్టు చూసే ఆమె పని మానేసిందని, ఆ చోటు ఖాళీగా ఉందని కబురు తెచ్చింది కూతురే. మందుల షాపులో పని చేస్తుంది, లోకం కబుర్లన్నీ మందులకొచ్చే వాళ్ళ దగ్గర దొరుకుతాయి. అది కాంట్రాక్టరు పని కాదు, కంపెనీ సొంత ఉద్యోగం. దరఖాస్తు కూతురే నింపింది. ఇంట్లో నాలుగు రోజులు అదే చర్చ. సముద్రం మీద పక్కలు పరచడానికి పోతే ఇంట్లో పక్కలు ఎవరు పరుస్తారని అత్తగారు నిలదీసింది. వెల్డింగు పని చేసే మొగుడు, కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారుతుండగా, నేను పరుస్తాలే అన్నాడు. ఈ జన్మలో ఆ ముచ్చట చూస్తానా అంది ముసలావిడ. చూసింది. మొదటి రోజు దుప్పటి తిరగేసి పరిచాడని వీధంతా చెప్పింది కూడా.

ఓడలో గదుల పని మొత్తం చూసే పెద్దావిడ ఒకరున్నారు. అక్కడ అందరూ పెద్దక్క అంటారు. తల నెరిసింది, నడక చురుకు. మడతమ్మ కాగితాలు చూసి ఆవిడ మొహమాటం లేకుండా చెప్పింది. ఈ ఉద్యోగానికి ఐదేళ్ళ అనుభవం ఉండాలి, మీ కాగితంలో సున్నా ఉంది. అయినా మనిషి దొరకడం లేదు కాబట్టి ఒక్క రోజు చూస్తాను. శుక్రవారం ఎక్కండి. సాయంత్రం ఆరుకి మొదటి రేవు చేరతాం. పని నచ్చితే ఓడలో ఉంటారు, నచ్చకపోతే ఆ రేవులో దిగి బస్సులో ఇంటికి వెళ్ళిపోవాలి.

ఒక్క పగలు. అందులోనే తేలిపోవాలి. కంపెనీ ఉద్యోగం దొరికితే మంచిదే, పన్నెండో నెల ఇంట్లో కూర్చోనక్కర్లేదు. కానీ ఆమె ఆశ పడింది అంతకంటే చిన్నదానికి. "లేదు" అని రాసిన ఆ గడిలో ఒక్కసారి "ఉంది" అని ఎవరైనా రాస్తే చూడాలని.

శుక్రవారం ఆరింటికల్లా పసుపు గీత దగ్గరికెళ్ళి నిలబడింది. కాగితం చూపించింది. కాపలా మనిషి అటూ ఇటూ చూసి దారి ఇచ్చినా ఆమె కాలు లేవలేదు. "ఏం మడతమ్మా, గీతని కూడా మడిచి పక్కన పెట్టనా?" అన్నాడతను. ఆమె నవ్వి, చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని గీత దాటింది. చెప్పులెందుకు విప్పిందంటే ఆమెకే తెలియదు. అంత తెల్లటి ఓడలోకి షెడ్డు నేల తొక్కిన చెప్పులతో ఎలా వెళ్తామని అనిపించిందట.

లోపల అన్నీ ఇరుకు. ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకి అంటుకోవాలి. నేల మీద మెత్తటి తివాచీ, పైన చిన్న చిన్న దీపాలు, ఓడ కదలక ముందే కాళ్ళ కింద సన్నటి వణుకు. గదుల పని చేసే ఒకామెని ఆమెకి తోడిచ్చారు. ముప్పై దాటిన మనిషి, నోరు మూతపడదు. అందుకే ఆమె పేరు చిలక. పిన్నీ అని వరస కలిపేసి, వంటగది ఎటు, మరుగుదొడ్డి ఎటు, పెద్దక్కకి కోపం వస్తే ముక్కు ఎలా ఎర్రబడుతుంది అన్నీ ఒక్క గుక్కలో చెప్పేసింది.

బట్టల కొట్టు ఓడ అడుగున ఉంది. కిటికీ లేదు. రెండు వైపులా నిలువెత్తు అరలు, మధ్యలో ఒక మనిషి నిలబడేంత చోటు. మూలన తన బండి. తను గురువారం మధ్యాహ్నం మడిచి పేర్చిన దుప్పట్లు దొంతరలుగా ఉన్నాయి. ఊరు కాని ఊళ్ళో సొంత మనుషులు కనిపించినట్టయింది ఆమెకి.

చిలక ఒక దుప్పటి తీసి, రెండు చేతులా దులిపి, మడత మొత్తం విప్పేసింది.

మడతమ్మకి ఒళ్ళు మండింది. శుభ్రంగా ఉన్నదాన్ని ఎందుకు విప్పుతున్నావని అడిగింది. చిలక నిట్టూర్చింది. ఒడ్డు మీద లాండ్రీ వాళ్ళకి బుర్ర లేదని, దుప్పటిని వెడల్పులో మూడు మడతలు వేసి పంపుతారని, ఇక్కడ నాలుగు వెయ్యాలని, ప్రతి గురువారం సాయంత్రం ఇద్దరు కూర్చుని మొత్తం విప్పి మళ్ళీ మడుస్తారని, ఈ వారం మనిషి తక్కువై పని మిగిలిపోయిందని చెప్పింది. "వాళ్ళకి చెప్పీ లాభం లేదు పిన్నీ. ఏటా కొత్తవాళ్ళే వస్తారట. ఒకళ్ళకి నేర్పేలోపు ఇంకొకళ్ళు."

ఆ మాట విన్నా మడతమ్మ తనెవరో చెప్పలేదు. మూడు మడతలు షెడ్డులో అందరికీ తనే నేర్పింది. బండి వెడల్పుకి సరిగ్గా సరిపోయే మడత అది. ఒక్క దుప్పటి కూడా దారిలో జారదు. ఇలాంటి మడతని పట్టుకుని బుర్ర లేదంటారా? నువ్వెళ్ళి గదుల పని చూసుకో, అరలు నేను సర్దుతానని చిలకని పంపేసింది. విప్పిన దాన్ని కూడా మళ్ళీ మూడుగా మడిచింది. మొత్తం నూట ముప్పై దుప్పట్లు, తన పద్ధతిలోనే, అంచుకి అంచు కలిపి అరల్లో పేర్చింది. అరల ముందు వేలెడెత్తున చెక్క గట్టు ఉంది. దుప్పట్లు ఆ గట్టు దాటి నాలుగు వేళ్ళు బయటికి వచ్చాయి. వస్తే ఏం, దొంతర దారం పట్టినట్టు తిన్నగా ఉంది. చేతులు దులుపుకుని చూసుకుంది.

ఈలోగా ఓడ కదిలింది. రెండు గంటలపాటు నీళ్ళు పళ్ళెంలో పోసినట్టు కదలకుండా ఉన్నాయి. కూతురిచ్చిన నిమ్మకాయ మధ్య మధ్య వాసన చూసుకుంటూ తువ్వాళ్ళు లెక్కపెట్టింది. పదకొండు దాటాక ఓడ ఒక కొండమొన చుట్టూ తిరిగింది. అక్కడ పక్క నుంచి అల కొడుతుంది. వారం వారం తిరిగేవాళ్ళు ఆ వేళకి టీ గ్లాసు చేత్తో పట్టుకుంటారు. మడతమ్మకి ఎవరు చెబుతారు? ఓడ ఒక వైపుకి ఒరిగింది. ఎడమ అరలు నిట్టూర్చినట్టు ఒక చప్పుడు చేశాయి. మరుక్షణం ఓడ ఇంకో వైపుకి ఒరిగింది.

సరిగ్గా అప్పుడే, పని ఎలా ఉందో చూద్దామని, పెద్దక్క తలుపు తీసింది.

నూట ముప్పై దుప్పట్లు. సగం నేల మీద, సగం మడతమ్మ మీద, నాలుగైదు పెద్దక్క పాదాల మీద. దుప్పట్ల కుప్పలోంచి మడతమ్మ తల మాత్రం కనిపిస్తోంది. వెనకాలే పరిగెత్తుకొచ్చిన చిలక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఎవరు పేర్చారు?" అంది పెద్దక్క. ముక్కు ఎర్రబడింది.

తప్పు చిలక మీదకి తోసెయ్యడం తేలిక. ఆమె అలా చెయ్యలేదు. "నేనేనమ్మా. మడిచింది కూడా నేనే" అని, ఆపకుండా, "నిన్న ఒక్కరోజే కాదు. పంతొమ్మిదేళ్ళుగా నేనే" అంది.

ఓడ ఇంకోసారి ఒరిగితే పెద్దక్క అర పట్టుకుని నిలబడింది. తర్వాత మెల్లగా వంగి ఒక దుప్పటి తీసుకుంది. మూల మీద బొటనవేలితో రుద్ది చూసింది. అక్కడే, దుప్పట్ల మధ్యన, నేల మీద చతికిలబడింది.

"అంచు బయటికి పెట్టి మడిస్తే, ఆ దుప్పటి నడుమ పలచబడిందని అర్థం. అవునా?"

మడతమ్మ తల ఊపింది. షెడ్డులో ఎవరికీ తెలియని గుర్తు అది. చిరగబోయే దుప్పటిని అతిథికి పరిస్తే మాట పడేది ఓడలో పనిచేసే మనిషి. అలా జరగకూడదని ఆమె తనంతట తనే పెట్టుకున్న గుర్తు. అవతల ఎవరైనా చూస్తారో లేదో తెలియకుండానే ఇన్నేళ్ళూ పెడుతూ వచ్చింది.

"ఎవరు చెప్పారు మీకు?" అని అడిగింది.

"ఎవరూ చెప్పలేదు. మూడో వారానికి నాకే తెలిసింది. అలా వచ్చినవన్నీ అతిథులకి వెయ్యకుండా పక్కన పెట్టిస్తాను. ఒక్కసారి కూడా నువ్వు తప్పు చెప్పలేదు." మీరు కాస్తా నువ్వయిపోయింది, ఇద్దరూ గమనించలేదు.

ఆ తర్వాత పెద్దక్క చెప్పినదంతా విని మడతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఓడలో కొత్తగా చేరిన ప్రతి మనిషికీ పెద్దక్క మొదట చూపించేది లాండ్రీ నుంచి వచ్చిన మడతేనట. విప్పే ముందు మూలలు చూడండి, మూల అంటే ఇలా ఉండాలి, తర్వాత విప్పి నాలుగుగా మడవండి అని చెబుతుందట. మూడు మడతలేంటని పంతొమ్మిదేళ్ళు విసుక్కుంటూనే, ఆ మూలలు చూపించి పంతొమ్మిదేళ్ళు పాఠం చెప్పింది. ఏటా లాండ్రీ నుంచి "కొత్తగా చేరినవారు" అని జాబితా వచ్చేది. అది చూసి, ఈ కొత్తవాళ్ళకీ పాతవాళ్ళ పనితనమే వచ్చిందే అని ఆశ్చర్యపోయేదట. కింద పేర్లు చదివి ఉండాల్సిందని అప్పుడంది. చదవలేదు. అది నా తప్పు అని కూడా అంది.

ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. పసుపు గీతకి అటు ఇద్దరు మనుషులు ప్రతి గురువారం ఒక పూట వృథాగా కూర్చుని విప్పారు. ఇటు ఒక మనిషి నడుం పడిపోయేలా నిలబడి మడిచింది. "అమ్మా, మూడు కాదు, నాలుగు" అన్న ఒక్క ముక్క గీత దాటి ఉంటే సరిపోయేది. ఎందుకు దాటలేదంటే, ఇటున్న మనిషి ప్రతి ఏడూ కొత్తదని కాగితం అబద్ధం చెప్పింది కాబట్టి. కాంట్రాక్టరు ఎవరి హక్కు మింగాడో తెలుస్తూనే ఉంది. ఎంతమంది శ్రమ మింగాడో లెక్క తీసేవాళ్ళే లేరు.

మధ్యాహ్నానికి మడతమ్మ నూట ముప్పై దుప్పట్లనీ నాలుగు మడతలు వేసింది. మొదటి పది వంకర పోయాయి. చేతులు మూడుకే అలవాటు పడ్డాయి, మనసు చెప్పినా వినవు. చిలక ఎదురుగా కూర్చుని, ఇన్నాళ్ళూ నీ మూడు విప్పినందుకు ఇవాళ నా నాలుగు చూసి నేర్చుకో పిన్నీ అని ఏడిపించింది. బుర్ర లేదన్న మాట వెనక్కి తీసుకున్నావా అని మడతమ్మ అడిగింది. సగం తీసుకున్నానంది చిలక.

ఆ తర్వాత ఓడ ఊపుకి నిమ్మకాయ కూడా పని చేయలేదు. మొహం పాలిపోవడం చూసి పెద్దక్క ఆమెని పనివాళ్ళు పడుకునే గదికి తీసుకెళ్ళి, పది నిమిషాలు నడుం వాల్చమంది. మంచం మీద తెల్లటి దుప్పటి. తన చేతి మీదుగా వచ్చిందే, అంచు చూస్తే తెలుస్తుంది. మడతమ్మ మంచం అంచున, ఒక జానెడు చోటులో, కట్టెలా బిగుసుకుని పడుకుంది. పెద్దక్క తిరిగొచ్చి, అలా పడుకుంటే పడిపోతావు, లోపలికి జరగమంది.

"ఇస్త్రీ నలుగుతుందక్కా" అంది మడతమ్మ.

పెద్దక్క నవ్వలేదు. ఆమె భుజం పట్టుకుని మంచం మధ్యకి జరిపి, కాళ్ళ దగ్గర దుప్పటి లాగి కప్పింది. జీవితంలో మొదటిసారి, తను ఇస్త్రీ చేసిన దుప్పటి మీద ఆమె పడుకుంది. చల్లగా ఉందట. ఇంత హాయిగా ఉంటుందని తెలియదు, తెలిసుంటే ఇంకాస్త జాగ్రత్తగా చేసేదాన్ని అని, ఈ సంగతులన్నీ చెప్పినప్పుడు నాతో అంది. ఇంకెంత జాగ్రత్తగా చేస్తావమ్మా?

సాయంత్రం ఆరింటికి మొదటి రేవు కనిపించింది. మడతమ్మ సంచి సర్దుకుని మెట్ల దగ్గర నిలబడింది. దుప్పట్లు కూలిన సంగతి ఎక్కడికి పోతుంది? దిగమంటారనే అనుకుంది. ఇంట్లో ఏం చెప్పాలో కూడా ఆలోచించుకుంది. మొగుడికి పక్క పరచడం ఇంకా రాలేదు కాబట్టి వచ్చేశానని చెబుదామనుకుంది. మోకులు విసిరారు, ఓడ రేవుకి ఆనుకుంది. అతిథులు దిగి బజారు చూడ్డానికి వెళ్ళిపోయారు. పెద్దక్క ఒక కాగితం పట్టుకుని వచ్చింది. సంచి చూసి, అదెందుకని అడిగింది. బస్సుకని మడతమ్మ చెప్పింది.

"బస్సులో వెళ్ళిపోతే రేపు అరలెవరు సర్దుతారు?" అని, ఆ కాగితం చేతిలో పెట్టింది.

అది కంపెనీ ఫారం. "అనుభవం" అన్న గడి చిన్నది, అందులో పట్టలేదు. బాణం గుర్తు వేసి కాగితం వెనక్కి తిప్పి రాసింది పెద్దక్క. "ఈమె చేతి పని నాకు పంతొమ్మిదేళ్ళుగా తెలుసు. ఈమె మడిచిన దుప్పట్లు విప్పించింది నేనే. వాటి మూలలు చూపించి మా వాళ్ళకి పని నేర్పాను. చిరిగిన దుప్పటి ఒక్కటి కూడా మా గదుల్లోకి రాలేదంటే అది ఈమె వల్ల. దీనికి నేను సాక్షిని." కింద సంతకం, తేదీ. ఆ పక్కనే చిలక కూడా సంతకం పెట్టింది. నా సంతకం పడితే కాగితానికి ఉన్న విలువ పోతుందేమో పెద్దక్కా అంటూనే పెట్టింది.

మడతమ్మ ఆ కాగితం మూడు సార్లు చదివింది. మడవలేదు. మడిస్తే అక్షరాల మీద గీత పడుతుందని రెండు చేతుల్లో పట్టుకునే కిందకి తీసుకెళ్ళింది. తర్వాత కూతురికి ఫోను చేసింది. మొదటి మాటలో ఏడ్చింది, రెండో మాటలో నాన్న తిన్నాడా అని అడిగింది.

ఇక్కడితో కథ కంచికి చేరిందని చెప్పాలని నాకూ ఉంది. చేరలేదు. కంపెనీ ఆఫీసు ఆ కాగితం చూసి, అనుభవం ఉన్నట్టు యజమాని రాసివ్వాలి కానీ సాక్షులు రాస్తే చెల్లదని జవాబిచ్చింది. యజమాని అంటే ఎవరు? ఆ కాంట్రాక్టరే. అతను పదకొండు నెలలని ఒక చీటీ రాసిచ్చాడు. అందుకని ఇప్పుడు మడతమ్మ ఓడలో "శిక్షణలో ఉన్న మనిషి". అంటే ఇరవయ్యోసారి కొత్త. పెద్దక్క ఊరుకోలేదు. ఓడలో పనిచేసే పధ్నాలుగు మంది చేత సంతకాలు పెట్టించి రెండోసారి పంపింది. ఈసారి షెడ్డులో వాళ్ళు కూడా ముగ్గురు ధైర్యం చేసి పెట్టారు. ఆ అర్జీ ఆఫీసు బల్ల మీద ఉంది. ఎప్పుడు కదులుతుందో ఇంకా తెలియదు.

ఇది చదివినవాళ్ళని ఒక్కటి అడుగుతున్నాను. మీ ఆఫీసు ఊడ్చే మనిషి, మీ పిల్లల బడిలో ఆయా, మీ అపార్టుమెంటు గేటు దగ్గర కూర్చునే తాత, మీరు రోజూ వెళ్ళే ఆసుపత్రిలో స్ట్రెచరు తోసేవాళ్ళు, వీళ్ళలో ఎవరో ఒకరు కాగితం మీద ఇంకా కొత్తవాళ్ళే. ఎన్నేళ్ళుగా పని చేస్తున్నావని అడగండి. వాళ్ళు ఒప్పుకుంటేనే, ఒక తెల్లకాగితం తీసి రాయండి. ఫలానా మనిషిని ఫలానా ఏడు నుంచి ఈ పనిలో నేను చూస్తున్నాను అని రాసి, మీ పేరు, ఫోను నంబరు, తేదీ వేసి సంతకం పెట్టండి. పక్కింటివాళ్ళ చేత కూడా పెట్టించండి. ఆ కాగితం వాళ్ళ చేతికే ఇచ్చి, ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి. ఒక్క కాగితాన్ని ఏ ఆఫీసైనా పక్కన పడేస్తుంది. వందమంది రాస్తే చదవక తప్పదు. మంచి పని, తీరిక చూసుకుని చేద్దామని అనుకోకండి. మీరు చూసింది మీరే రాయాలి, మీ బదులు ఇంకొకరు రాయలేరు. ఈ ఆదివారమే రాయండి.